అరవై అడుగులు

సఖీర్ ట్రాకు మీద తేమ దిగేది రాత్రి పదకొండు దాటినంక.
అప్పటిదాకా పగలంతా ఎండ తిన్న తారు
రొట్టె తీసినంక పెనం లెక్క సెగ కక్కుతనే ఉంటది.
మోకాలు ఆనిస్తే ప్యాంటుకు జిగురు పట్టుకుంటది.
ఆ జిగురు నాకిష్టం.
థర్మామీటరున్నది,
అయినా అరచెయ్యి పెట్టి చూస్త.

మొదటి పరుగు ఖరాబైంది.
పచ్చలైటు వెలిగింది, ఘానిం బటన్ వదిలిండు,
వెనుక టైర్లు పొగల మునిగి
ఉన్నకాడనే గిరగిర తిరిగినయి.
పక్క లైన్ల కువైట్ పిలగాడు
మేము ఇంకా దగ్గుతుండంగనే దీపాలు దాటిండు.

ఘానిం వాపసొచ్చి, హెల్మెట్ తియ్యకుండనే:
"బూస్టు పెంచు. తాకత్ సరిపోలే."

నేను ఏమనలే. టార్చి పట్టుకొని లైను కాడికి పోయిన.
టైర్ల గీతలు చదువుడు తప్ప
నాకు వేరే చదువు రాలేదని పోశెట్టి ఎక్కిరిస్తడు. నిజమే.
ఎడమ గీత కాటుక దిద్దినట్టు, నల్లగ, నిండుగ.
కుడిది చీపురుపుల్లతోని గీరినట్టు.
కుడికాలు నేలను నమ్మలే.

సల్మాబాద్ షెడ్డుల ఉస్తాద్ గుల్‌జమాన్ అంటుండె:
"అరిచేటోడు ఇంజను, మోసేటోడు టైరు.
ఏమైందో మోసేటోన్నే అడగాలె."

అడిగిన.
గాలి ఏడు నుంచి ఆరుంబావుకు దించిన.
ముందు షాకులు రెండు క్లిక్కులు వదులు,
ముక్కు లేస్తనే కదా బరువు వెనక్కి ఒరిగేది.
వెనుకవి మూడు క్లిక్కులు బిగువు.
రెండేనా, మూడేనా అంటే ఏం చెప్పాలె?
మా అమ్మ కోరుట్లల బీడీలు చుట్టేది, పొద్దుకు వెయ్యి.
బిగిస్తే పొగ రాదు, వదిలితే తంబాకు రాలుతది,
రెండిట్ల ఏదైనా ఖార్ఖానోడు ఏరి పక్కకు పారేస్తడు.
ఎంత బిగించాలెనే అంటే
నవ్వి, ఇంకో ఆకు తీసుకునేది.

పోశెట్టి బండి కింద దూరిండు.
వాని కాళ్ళే కనబడుతున్నయి, ఒక చెప్పు పచ్చది, ఒకటి నీలంది.
కింది బారు బోల్టు ఒక రంధ్రం మీదికి మార్చుకుంట
అక్కడినుంచే అంటున్నడు:
"కాడికి నాగలి ఎడంగ కడితే కర్రు లోతు దిగుతది,
దగ్గర కడితే పైపైన గీరుతది.
గంతే గదనే ఇది? దీనికి ఇంత పైసనా?"

కుడి పక్క లింకు అర చుట్టు బిగించిన.
అటెన్క లాప్‌టాప్ తెరిచి
యాభై రెండు వందల కాడ లేచే బండిని
నలభై ఆరు వందలకు తగ్గించిన.
బూస్టు ముట్టలే.

"పెంచినవా?" అన్నడు ఘానిం.
"అంతా సెట్టు" అన్న.
పదకొండేండ్ల నౌకరిల ఈ మాట ఎన్నిసార్లు అన్ననో,
అబద్ధం కాని అబద్ధం.

నీళ్ళల్ల టైర్లు తిప్పిండు, పొగ తెల్లగ లేచింది.
ఒక పసుపు దీపం. రెండోది.
బండి మెల్లగ ముందుకు పాకి నిలబడ్డది.
మెడ మీద ఇసుక, చెమట,
పోశెట్టి నా భుజం గట్టిగ పట్టుకున్నడు.

పచ్చ.

పొగ లేదు. అరుపు గూడ సన్నదే.
వెనుక టైర్లు ఒక్కసారి ముడతలు పడి,
చపాతి పిండి లెక్క నేలకు ఒత్తుకొని,
ముందు చక్రాలు జానెడు లేచి,
పోయింది.

నేను చూసేది అరవై అడుగులే.
ఆడికి నా పందెం అయిపోతది.
తతిమ్మది ఘానింది, గ్యాలరీలున్నోళ్ళది, జెండాలూపేటోళ్ళది.
ఎవరు గెలిచిండ్రో కేకలను బట్టి అర్థమైంది.

"చెప్పలేనా! బూస్టు!"
కిటికీలకెళ్ళి చీటి విసిరి, దోస్తుల నడుమకు పోయిండు.
పోశెట్టి నన్ను చూసిండు. నేను చీటిని చూసిన.
ముప్పై నాలుగున్న కాడ ఇరవై ఒకటి.
సెకనుల పదమూడు పాళ్ళు.
గ్రీజు వేలితోని దాని సుట్టు సున్న చుట్టి
జేబుల పెట్టుకున్న.

ఇంకో రౌండున్నది.
అరచెయ్యి ఆనించి చూసిన, తారు చల్లబడ్డది,
తేమ మొదలైంది.
ఆరుంబావు ఇప్పుడు ఎక్కువే కావచ్చు.
పోశెట్టీ, గాలి గేజు ఇయ్యి.